మెగ్నీషియంలో ఏం కలిపితే బలం వస్తుంది, ఏం కలిపితే వేడి మీద లొంగుతుంది?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. రాజోలు దగ్గర చిన్న వర్క్‌షాప్ నడుపుతున్న ఒకాయన వరిచేలకి మందు కొట్టే డ్రోన్లకి చేతులు, మోటారు బ్రాకెట్లు చేస్తున్నారు. అల్యూమినియం కన్నా తేలిక కదా అని ఏజెడ్31 (మూడు శాతం అల్యూమినియం, ఒక శాతం జింక్ కలిపిన మెగ్నీషియం మిశ్రమం) రాడ్ తెప్పించారు. చల్లగా ఉండగానే వైస్‌లో బిగించి వంచబోతే పుటుక్కున విరిగింది. ఇంకో ముక్కని గ్యాస్ టార్చితో వేడిచేసి సుత్తితో కొడితే అంచులు చిట్లిపోయాయి. సప్లయరేమో ఏజెడ్31 మెత్తన, ఏజెడ్91 తీసుకోండి అదయితే గట్టి అంటున్నాడట. ఏది కలిస్తే బలం, ఏది కలిస్తే వేడి మీద వంగుతుంది, తను ఏది కొనాలి అని, విరిగిన ముక్క ఫోటో పెట్టి అడిగారు. జవాబు ఆయనకే చెప్తున్నాను.

ఏజెడ్91 మాత్రం కొనకండి. ఇప్పుడున్న ఏజెడ్31 మీద పడ్డ చెడ్డపేరు దాని తప్పు కాదు, వేడి తప్పు. మిగతాదంతా ఎందుకో చెప్పడానికే. చాలా ఏళ్ళు తేలిక లోహాల ప్రెస్ దగ్గర పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మెగ్నీషియం స్ఫటికంలో పరమాణువులు ఆరుమూలల అమరికలో, పొరల మీద పొరలుగా ఉంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో ఈ పొరలు ఒకదాని మీద ఒకటి పక్కకి జారడం ఒక్కటే దానికి తేలిగ్గా వచ్చిన పని. పేకకట్టని బల్ల మీద పెట్టి పక్కకి తోస్తే ముక్కలు చక్కగా జారతాయి. అదే కట్టని నిలువునా సాగదీయాలన్నా, మందం పెంచాలన్నా కుదరదు. భీమవరం వైపు వాళ్ళకి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు. లోహం అన్ని దిక్కులా రూపం మారాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు రకాల జారుళ్ళు కావాలి. ఈ పొరల జారుడు ఇచ్చేవి రెండే. అల్యూమినియానికి ఆ ఇబ్బంది లేదు, దాని అమరికే వేరు, అందుకే అది చల్లగా ఉన్నా వంగుతుంది.

ఆ లోటు పూడ్చుకోవడానికి మెగ్నీషియం ఇంకో దారి పడుతుంది. స్ఫటికంలో కొంత భాగం ఒక్కసారిగా దాదాపు 86 డిగ్రీలు తిరిగిపోతుంది. దీన్ని ట్విన్నింగ్ అంటారు. చిక్కేమిటంటే ఇది ఒకవైపు బలానికే తేలిగ్గా జరుగుతుంది. ఎక్స్‌ట్రూజన్ చేసిన, అంటే వేడి లోహాన్ని డై అనే అచ్చు కన్నంలోంచి తోసి తీసిన రాడ్‌లో ఆ పొరలన్నీ రాడ్ పొడవు వెంట పడుకుని ఉంటాయి. పొడవునా లాగితే గట్టిగా నిలబడుతుంది, నొక్కితే ట్విన్నింగ్ మొదలై ముందే లొంగిపోతుంది. ఏజెడ్31 రాడ్‌ని లాగినప్పుడు లొంగే ఒత్తిడి (శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యే చోటు) సుమారు 200 మెగాపాస్కల్స్. నొక్కినప్పుడు అందులో సగం, 95 దగ్గర. మీరు రాడ్‌ని వంచినప్పుడు లోపలివైపు నొక్కుడు, బయటివైపు లాగుడు. లోపలివైపు ముందే నలిగిపోతుంది, బయటివైపు సాగలేక తెగుతుంది. మీరు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూడండి: విరిగిన చోటు రాడ్‌కి అడ్డంగా తిన్నగా లేదు, ఏటవాలుగా, ఇంచుమించు 45 డిగ్రీల్లో జారినట్టుంది. నాసిరకం సరుకైతే లోపల గుల్లలో, మడ్డి చారలో కనబడేవి. ఇక్కడ అవేవీ లేవు. సరుకు మంచిదే, చల్లగా వంచారు అంతే.

వేడిచేస్తే ఏమవుతుంది? సుమారు 225 డిగ్రీలు దాటాక మిగతా దిక్కుల్లో జారుళ్ళు కూడా మేలుకుంటాయి. ఇంకొంచెం పైకి వెళ్తే, పని జరుగుతుండగానే నలిగిన గ్రెయిన్ల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) చోట కొత్త సన్న గ్రెయిన్లు పుడుతుంటాయి. అప్పుడు అదే రాడ్ మాట వింటుంది. కాబట్టి వేడి పనికి కింది హద్దు ఒకటుంది, అది మెగ్నీషియం స్ఫటికం పెట్టిన హద్దు. పై హద్దు కూడా ఒకటుంది. లోహం లోపల ఎక్కడో ఒకచోట ముందుగా కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది. పైకి చూస్తే కడ్డీ గట్టిగానే ఉంటుంది, లోపల గ్రెయిన్ల అంచుల్లో సన్నని పొర ద్రవమై ఉంటుంది. ఆ స్థితిలో సుత్తి పడిందా, అంచులు చిట్లుతాయి. షాపులో హాట్ షార్ట్ అంటాం.

ఈ రెండు హద్దుల మధ్య ఉన్న సందులోనే మనం పని చేసుకోవాలి. కలిపే ప్రతి మూలకాన్నీ నేను చూసేది ఈ ఒక్క ప్రశ్నతోనే: ఇది బలం ఎంత ఇస్తుంది, బదులుగా ఆ సందులో ఎంత తినేస్తుంది?

పై హద్దు గురించి ఒక మోటు లెక్క ఉంది. మెగ్నీషియంతో కలిసినప్పుడు ఏ మూలకం ఎంత తక్కువలో కరిగే మిశ్రమాన్ని తయారుచేస్తుందో చూడండి. జింక్ అయితే 340 డిగ్రీలు, అల్యూమినియం 437, కాల్షియం 516, టిన్ను 561, సీరియం 590 పైన. శుద్ధ మెగ్నీషియం కరిగేది 650లో. జిర్కోనియం, మాంగనీస్ ఈ కరుగు హద్దుని అసలు కిందికి లాగవు. ఈ వరుస గుర్తుంటే సగం పుస్తకం చదివినట్టే.

ఇప్పుడు అల్యూమినియం సంగతి. ఎక్కువ వాడేది ఇదే, చవకైనదీ ఇదే. 437 డిగ్రీల దగ్గర మెగ్నీషియం తనలో 12.7 శాతం దాకా అల్యూమినియాన్ని కరిగించుకుంటుంది, చల్లారాక రెండు శాతం పట్టుకోవడమే కష్టం. మిగిలింది మెగ్నీషియం పదిహేడు, అల్యూమినియం పన్నెండు పరమాణువుల లెక్కన ఒక పెళుసు సమ్మేళనంగా బయటపడుతుంది. మూడు శాతం అల్యూమినియం ఉన్న ఏజెడ్31లో అది అంతంతమాత్రం. ఆరు శాతం ఉన్న ఏజెడ్61 ఎక్స్‌ట్రూజన్‌లో తెగే బలం 310 మెగాపాస్కల్స్, లొంగే బలం 230 దగ్గరికి వెళ్తుంది. ఎనిమిది శాతం పైన ఉన్న ఏజెడ్80ని ఎక్స్‌ట్రూజన్ తర్వాత ఏజింగ్ (ఒక మోస్తరు వేడిలో గంటల తరబడి ఉంచడం) చేస్తే 380, 275. అంకెలు పెరిగాయి, నిజమే. కానీ సాగుడు, అంటే తెగేలోపు ఎంత సాగుతుందో అది, ఏజెడ్31లో 15 శాతం ఉన్నది ఏజెడ్80లో ఏడుకి పడిపోయింది.

ప్రెస్ దగ్గర కథ ఇంకా ఇరుకు. ఏజెడ్31 కరగడం మొదలయ్యేది 565 డిగ్రీల్లో. ఏజెడ్61కి అది 525. ఏజెడ్80 పోత బిల్లెట్‌ని (ప్రెస్‌లో పెట్టే దిమ్మని) ముందు వేడిలో సరిగ్గా నానబెట్టకుండా పెడితే 427లోనే గ్రెయిన్ల అంచుల్లో తొలి చుక్క కరుగుతుంది. బిల్లెట్‌ని 380లో పెట్టాం కదా, ఇంకా 47 డిగ్రీలు ఉంది కదా అనుకోవద్దు. లోహాన్ని డై గుండా తోసేటప్పుడు పుట్టే వేడి ఎక్కడికి పోతుంది? అది కడ్డీ చర్మంలోనే నిలుస్తుంది. వేగం పెంచేకొద్దీ చర్మం ఉష్ణోగ్రత బిల్లెట్ ఉష్ణోగ్రత కన్నా పదుల డిగ్రీలు పైకి పోతుంది. అప్పుడు డై నోట్లోంచి వచ్చే రాడ్‌ని చూడాలి: ముందు మెరుపు పోయి మసకబారుతుంది, తర్వాత చుట్టూ అడ్డంగా, ఇంచుమించు సమాన దూరంలో పగుళ్ళు పడతాయి. చల్లారాక గోరుతో గీరితే ఒక్కో పగులూ తగులుతుంది. ఆపరేటర్ అప్పుడు చెయ్యగలిగింది ఒక్కటే, వేగం తగ్గించడం. అందుకే ఏజెడ్80 రాడ్ ఖరీదు. లోహం ఖరీదు కాదది, ప్రెస్ మీద పట్టే గంటల ఖరీదు.

ఇంకోటి కూడా చెప్పాలి. అల్యూమినియం వల్ల బయటపడే ఆ సమ్మేళనపు పలకలు మెగ్నీషియం పొరలకి సమాంతరంగానే పడుకుంటాయి. జారే పొరకి అడ్డు నిలవాల్సింది పోయి పక్కనే పడుకుంటే ఎంత ఆపుతుంది? అందుకే అంత అల్యూమినియం పోసినా ఏజింగ్‌లో వచ్చే బలం ఆశించినంత ఉండదు. పైగా 120 డిగ్రీలు దాటాక ఆ సమ్మేళనం మెత్తబడుతుంది. గేర్‌బాక్సుల దగ్గర ఇది తలనొప్పి, మీ డ్రోన్‌కి అంత బాధ లేదు.

ఇక మీ సప్లయర్ చెప్పిన ఏజెడ్91. తొమ్మిది శాతం అల్యూమినియం, ఒక శాతం జింక్. ఇది పోతకి పుట్టిన మిశ్రమం. అచ్చులోకి నీళ్ళలా పారుతుంది, పల్చని గోడలు కూడా నిండుతాయి, అందుకే బైకు ఇంజిన్ కవర్లకి, లాప్‌టాప్ బాడీలకి వాడతారు. కానీ డైకాస్టింగ్‌గా (ఒత్తిడితో ఇనుప అచ్చులోకి పోసిన పోతగా) దాని లొంగే బలం 150, 160 మధ్య, సాగుడు మూడు శాతం. మెత్తనిదని ఆయన తీసిపారేసిన ఏజెడ్31 ఎక్స్‌ట్రూజన్ రాడ్ లాగుడులో 200 దాకా నిలుస్తుంది, సాగుడు దానికి నాలుగైదు రెట్లు. పేరులో అంకె పెద్దదైతే బలం పెద్దదని లెక్క కాదండీ. వేడి మీద నలిగి గ్రెయిన్ సన్నబడిన లోహం వేరు, పోత పోసి వదిలేసిన లోహం వేరు. ఏజెడ్91 పోతని వంచే ప్రయత్నం అసలు చెయ్యొద్దు. గ్రెయిన్ల అంచుల్లో పెళుసు సమ్మేళనం వలలా అల్లుకుని ఉంటుంది. దాన్ని కరిగించాలంటే 413 డిగ్రీల్లో 16 నుంచి 24 గంటలు నానబెట్టాలి, అక్కడికి కూడా 260 నుంచి మెల్లగా తీసుకెళ్ళాలి, తొందరపడితే ఆ వలే ముందు కరుగుతుంది. చిన్న వర్క్‌షాప్‌కి అంత శ్రమ దేనికి?

జింక్ నిజానికి అల్యూమినియం కన్నా తెలివైన బలం ఇస్తుంది. దాని ఏజింగ్‌లో పుట్టే సన్న కడ్డీలు పొరలకి అడ్డంగా, నిలువుగా నిలబడతాయి, జారుడుని సూటిగా ఆపుతాయి. కానీ ఒంటరిగా ఎక్కువ పోస్తే రెండు చిక్కులు. పోతలో గ్రెయిన్లు లావుగా వస్తాయి, 340లో కరిగే మిశ్రమం మిగిలి వేడి మీద పగుళ్ళు తెస్తుంది. అల్యూమినియం ఏడు నుంచి పది శాతం ఉన్న చోట జింక్ ఒక శాతం దాటితే పోతలోనే వేడి పగుళ్ళు మొదలవుతాయి. ఏజెడ్ వరసలో జింక్ చాలావరకు ఒకటి దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

ఆ చిక్కుని విప్పింది జిర్కోనియం. 1937లో జర్మనీలో సావర్‌వాల్డ్ అనే శాస్త్రవేత్త దీని గుణం కనిపెట్టాడు. జిర్కోనియం స్ఫటికం కూడా ఆరుమూలలదే, కొలతలు మెగ్నీషియం కొలతలకి బాగా దగ్గర. కరిగిన లోహంలో దాని రేణువుల మీద మెగ్నీషియం గడ్డకట్టడం మొదలుపెడుతుంది, వేలకొద్దీ చోట్ల ఒక్కసారే. కంటికి కనబడేంత లావు గ్రెయిన్లు యాభై మైక్రాన్ల దాకా దిగిపోతాయి. ఇందుకు కావాల్సింది అర శాతం పైచిలుకు మాత్రమే. మెగ్నీషియంలో గ్రెయిన్ సన్నబడితే వచ్చే లాభం అల్యూమినియంలో కన్నా చాలా ఎక్కువ. బలం పెరుగుతుంది, ట్విన్నింగ్ కష్టమవుతుంది కాబట్టి నొక్కుడులో బలహీనత తగ్గుతుంది, వేడి మీద పగలడమూ తగ్గుతుంది. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో దాదాపు ఉచితంగా దొరికే మేలు ఇదొక్కటే. సందుని ఏమీ తినకుండా బలం ఇస్తుంది.

జెడ్‌కే60 అనే మిశ్రమంలో జింక్ ఐదారు శాతం, జిర్కోనియం అర శాతం. ఎక్స్‌ట్రూజన్ తర్వాత ఏజింగ్ చేస్తే తెగే బలం 365, లొంగే బలం 305, నొక్కుడులో కూడా 250. ఫోర్జింగ్‌కి, అంటే వేడి మీద కొట్టి రూపం తేవడానికి, చాలా మంచిది, పోత బిల్లెట్ నుంచే నేరుగా ఫోర్జ్ చేసేంత సన్న గ్రెయిన్. జింక్ కాబట్టి ఎక్స్‌ట్రూజన్ మాత్రం నెమ్మదిగా తోయాల్సిందే. ఖరీదు ఎక్కువ, వెల్డింగ్ మాట మర్చిపోండి.

అంత మంచిదైతే ఏజెడ్31లో కూడా కాస్త జిర్కోనియం వేయొచ్చు కదా అని ప్రతి కాలేజీ కుర్రాడూ అడుగుతాడు. కుదరదు. అల్యూమినియం, మాంగనీస్, ఇనుము, సిలికాన్ ఏది కనబడినా జిర్కోనియం దాన్ని పట్టుకుని గట్టి సమ్మేళనమై మూస అడుక్కి దిగిపోతుంది. మెగ్నీషియం మిశ్రమాలు రెండు కులాలుగా విడిపోయింది అక్కడే: అల్యూమినియం ఉన్నవి, జిర్కోనియం ఉన్నవి. రెండూ కలవవు.

మాంగనీస్ వల్ల బలం పెద్దగా రాదు. అయినా ఏజెడ్ మిశ్రమాలన్నిట్లో కొంచెం ఉంటుంది. దాని పని ఇనుముని పట్టుకోవడం. మన సముద్రగాలి సంగతి వచ్చినప్పుడు మళ్ళీ చెప్తాను.

ఇక అరుదైన మృత్తికలు, అంటే సీరియం, లాంథనం, నియోడిమియం, వీటితో పాటే లెక్కేసే ఇట్రియం. కోనసీమ వాళ్ళకి వీటి ముడిసరుకు కొత్తేం కాదు. నరసాపురం, కాకినాడ తీరాల్లో కనబడే నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ కూడా ఉంది. సీరియం దొరికే ఖనిజాల్లో ఆ మోనజైట్ ఒకటి. మెగ్నీషియంలో సీరియం చేసే పని చిత్రంగా ఉంటుంది. ఇందాక రాడ్‌లో పొరలన్నీ ఒకే వైపు పడుకుంటాయి అన్నాను కదా, ఈ వరుసని సీరియం చెదరగొడుతుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో శుద్ధ మెగ్నీషియం ఎక్స్‌ట్రూజన్‌కి తొమ్మిది శాతం ఉన్న సాగుడు, కేవలం 0.2 శాతం సీరియం చేర్చగానే 31 శాతానికి వెళ్ళింది. బలం దీంతో పెరగదు, అది వేరే సంగతి. కానీ అంత కొంచెం వేస్తే కరుగు హద్దు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, వేగంగా తోయొచ్చు. వంగే రేకులు కావాలనుకునేవాళ్ళు చూస్తున్నది ఇటువైపే.

ఇట్రియం దారి వేరు. నాలుగు శాతం ఇట్రియం, మూడు శాతం దాకా మిగతా అరుదైన మృత్తికలు, కాస్త జిర్కోనియం ఉన్న డబ్ల్యూఈ43, 250 డిగ్రీల దాకా బలం నిలుపుకుంటుంది, అంత తేలిగ్గా అంటుకోదు కూడా. విమానాలవాళ్ళు దీన్ని ఇష్టపడేది అందుకే. అయితే వేడిలో బలంగా ఉండేది వేడి ప్రెస్‌కి కూడా బలంగానే ఎదురు తిరుగుతుంది. పై హద్దు బాగానే ఉన్నా, కింది హద్దు పైకి జరిగిపోతుంది. నాలుగొందల డిగ్రీల చుట్టూ పనిచేయాలి, పెద్ద ప్రెస్ కావాలి. సందు తినేయడమంటే ఎప్పుడూ పైనుంచే తింటుందని కాదు.

కాల్షియం చవక, తేలిక. అర శాతం వేసినా కరిగిన లోహం అంటుకోవడం తగ్గుతుంది, సీరియంలాగే పొరల వరుసని కొంత చెదరగొడుతుంది. ఒక శాతం దాటిస్తే పోతలో డైకి అతుక్కోవడం, వేడి పగుళ్ళు. ఈ రోజుల్లో అల్యూమినియంతో కాల్షియం జోడించిన ఎక్స్ గుర్తు మిశ్రమాల మీద చాలా పని జరుగుతోంది, నాకు వీటి మీద ఆశ ఎక్కువ. టిన్ను కూడా ఆ కోవలోదే, దాని సమ్మేళనం 770లో గానీ కరగదు కాబట్టి ప్రెస్ దగ్గర బుద్ధిగా ఉంటుంది. సిలికాన్ ఇచ్చే సమ్మేళనం 1085 దాకా కరగదు, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్లలో అలాంటి మిశ్రమం వాడారు, వంపు పనికి మాత్రం అది ఉపయోగం లేదు. వెండి, థోరియం గురించి చెప్పుకుని లాభం లేదు. ఒకటి కొనలేం, రెండోది రేడియోధార్మికత వల్ల వాడకంలోంచి పోయింది.

లిథియం మాత్రం ఒక్క మాట. మిగతావన్నీ ఆ ఆరుమూలల స్ఫటికంతో బేరమాడతాయి, లిథియం దాన్ని మార్చేస్తుంది. ఐదున్నర శాతం దాటాక ఘనాకార అమరిక పుట్టడం మొదలై, 11 శాతానికల్లా మొత్తం అదే అవుతుంది. అప్పుడు చల్లగా ఉన్నా రేకులా వంగుతుంది. 14 శాతం లిథియం ఉన్న ఎల్ఏ141 సాంద్రత 1.35 మాత్రమే, అల్యూమినియంలో సగం. కానీ బలం తక్కువ, ఉప్పుగాలిలో దాని బతుకు కష్టం, ధర అడగొద్దు.

ఏ మిశ్రమాన్ని ఎంత వేడిలో, ఎంత వేగంతో కొట్టాలో ఊహించి కొట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 1984లో వై.వి.ఆర్.కె. ప్రసాద్ గారు, ఆయన సహచరులు ప్రాసెసింగ్ మ్యాప్ అనే పద్ధతి తెచ్చారు. ఉష్ణోగ్రత ఒకవైపు, రూపం మారే వేగం ఇంకోవైపు వేసి, ఎక్కడ లోహం కొత్త గ్రెయిన్లతో సాఫీగా పారుతుందో, ఎక్కడ చీలుతుందో పటం గీస్తారు. తర్వాత బెంగుళూరు ఐఐఎస్‌సీలో ఈ పని బాగా సాగింది. మెగ్నీషియం మిశ్రమాలకి కూడా అలాంటి పటాలు గీశారు. మీరు కొనే మిశ్రమం పేరుతో వెతికి ఆ పటం చూసుకుంటే చాలా సరుకు మిగులుతుంది.

మీ టార్చి, సుత్తి దగ్గరికి వద్దాం. మన కమ్మరి ఇనుముని రంగు చూసి కొడతాడు. మెగ్నీషియానికి పని ఉష్ణోగ్రతలో రంగు రాదు. ఎర్రబడే దాకా చూద్దామనుకుంటే అప్పటికి ఏజెడ్31 కరగడమో అంటుకోవడమో మొదలవుతుంది. టార్చి మంట తగిలిన చోట 500 ఉండొచ్చు, రెండంగుళాల అవతల 150 ఉండొచ్చు. పైగా ఈ లోహం ఒళ్ళో వేడి తక్కువ నిలుస్తుంది. చల్లటి దిమ్మె మీద పెట్టగానే చర్మం చల్లబడిపోతుంది. మీ అంచులు చిట్లింది బహుశా రెండు రకాలుగానూ, కొన్ని చోట్ల ఎక్కువ వేడికి, కొన్ని చోట్ల తక్కువ వేడికి.

థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ఉన్న కరెంటు ఓవెన్‌లో రాడ్‌ని 300 డిగ్రీల్లో లోపలిదాకా వేడెక్కేలా ఉంచండి. డైని, దిమ్మెని కూడా 250 దాకా వేడిచేయండి. సుత్తి వద్దు, హైడ్రాలిక్ జాక్‌తో మెల్లగా వంచండి. ఏజెడ్31 అప్పుడు మీరు ఆశ్చర్యపోయేంత బాగా వంగుతుంది. గ్రాఫైట్ లూబ్రికెంట్ వాడితే పని అయ్యాక ఆనవాలు లేకుండా కడిగేయాలి, మిగిలిన గ్రాఫైట్ కిందే తుప్పు మొదలవుతుంది.

నిప్పు సంగతి. రాడ్ అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకునేది లేత్ కింద పోగుపడ్డ సన్న చెత్త. రోజూ ఊడ్చి మూత ఉన్న ఇనుప డబ్బాలో పొడిగా పెట్టండి. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, అందులోనూ మండుతుంది. ఇసుక ఉంది కదా అంటారు, మన దగ్గర గోదావరి ఇసుక గుట్టలో చెయ్యి పెట్టి చూడండి, లోపల చెమ్మే. బాగా ఎండబెట్టి మూతపెట్టిన డబ్బాలో ఉంచిన ఇసుక గానీ, లోహపు మంటలకని అమ్మే డి క్లాస్ పొడి గానీ ఉండాలి. తుక్కు కరిగించి పోతపోద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

చివరిగా మీరు అడగని సంగతి, నాకు అసలు ముఖ్యమనిపించేది. మీ పని రొయ్యల చెరువులు, ఉప్పుగాలి, స్ప్రే తుంపర ఉన్న చోట. మెగ్నీషియం తుప్పు పట్టేది మిశ్రమం వల్ల కన్నా మలినాల వల్ల. ఏజెడ్31లో ఇనుము 0.005 శాతం దాటకూడదు, నికెల్ కూడా 0.005 దాటకూడదు. మాంగనీస్ వేసేది ఆ ఇనుముని కట్టేయడానికే. టెస్ట్ సర్టిఫికెట్‌లో ఈ రెండు అంకెలు లేకపోతే సరుకు తీసుకోవద్దు. ఇంకోటి, కొబ్బరికి, వరికి కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు కదా. రాగి లవణం తడి మెగ్నీషియం మీద పడితే రాగి దాని మీదే దిగుతుంది, ఆ చుక్క చుట్టూ గుంట పడుతుంది. రంగు, కోటింగ్ లేకుండా ఈ లోహాన్ని ఆ పనికి పంపొద్దు.

చేతులకి అసలు మెగ్నీషియం అవసరమా అంటే, నా అభిప్రాయంలో కాదు. సాంద్రత 1.77, అల్యూమినియం 2.7, బరువు మూడో వంతు తగ్గుతుంది నిజమే. కానీ బిగువు (ఊగకుండా నిలిచే గుణం) 45 గిగాపాస్కల్స్, అల్యూమినియానిది 69. అదే కొలతల్లో చేసిన చెయ్యి ఒకటిన్నర రెట్లు ఊగుతుంది, మోటారు వైబ్రేషన్ గైరోని (డ్రోన్ తూకం చూసే సెన్సార్‌ని) చెడగొడుతుంది. మళ్ళీ బిగువు రావాలంటే లావు పెంచాలి. 6061 అల్యూమినియం టీ6లో (వేడిచేసి గట్టిపరిచిన స్థితిలో) లొంగే బలమే 276 ఉంది, నొక్కుడులోనూ ఇంచుమించు అంతే, వంచడం మీకు వచ్చు. చేతులు అల్యూమినియం ట్యూబుతోనో కార్బన్ ఫైబర్‌తోనో చేసి, మోటారు బ్రాకెట్లు మాత్రం ఏజెడ్31 లేదా డబ్బులుంటే జెడ్‌కే60 కడ్డీ లోంచి మిల్లింగ్ చేసుకోండి. వంచే గొడవే ఉండదు, లావుగా ఉండే బ్రాకెట్‌లోనే ఈ లోహపు తేలికదనం కలిసొస్తుంది.

కార్బన్ ఫైబర్ ట్యూబుకి మెగ్నీషియం బ్రాకెట్ తిన్నగా బిగించకండి. కార్బన్, మెగ్నీషియం, మధ్యలో ఉప్పు తడి, అచ్చం బ్యాటరీయే, మెగ్నీషియం కరిగిపోతుంది. మధ్యలో గ్లాస్ ఫైబర్ తొడుగు వేసి ఎపాక్సీతో మూసేయండి. స్టీలు బోల్టుల కింద 5052 లేదా 6061 అల్యూమినియం వాషర్లు, బోల్టు రంధ్రంలో సీలెంటు పెట్టండి, నీళ్ళు నిలవకుండా బ్రాకెట్ కింద ఒక చిన్న కన్నం వదలండి.